రెండు ఫైళ్ల మధ్య నలభై ఐదు రోజులు

మా పెళ్లి 2023 ఫిబ్రవరిలో, మాఘమాసపు ముహూర్తానికి, రాజమహేంద్రవరంలో జరిగింది. ఇరవై నాలుగు రోజుల సెలవు మీద కెనడాలోని కాల్గరీ నుంచి వచ్చిన నా భార్య, పదహారు రోజుల పండుగ ముగిసీ ముగియకముందే తిరుగు విమానం ఎక్కవలసి వచ్చింది. ఆ తర్వాత మేమిద్దరం ఒక గదిలో కూర్చుని కాఫీ తాగడానికి దాదాపు పద్నాలుగు నెలలు పట్టింది. ఈలోగా కెనడా వలస శాఖ దగ్గర నా పేరు మీద రెండు ఫైళ్లు నడిచాయి. ఒక దానిలో, నా భార్యతో ఆ దేశంలోనే శాశ్వతంగా కాపురం ఉండదలచుకున్నానని రాసి సంతకం చేశాను. రెండవ దానిలో, నలభై ఐదు రోజులు ఉండి తప్పకుండా వెనక్కి వచ్చేస్తానని రాసి సంతకం చేశాను. రెండూ నిజమే. అయితే ఆ రెండు నిజాలూ ఒకదానికొకటి అడ్డు రావని ముక్కూ మొహం తెలియని ఒక అధికారికి నచ్చజెప్పడం ఎలాగో, ఒకసారి కాదనిపించుకున్న తర్వాతే నాకు తెలిసింది.

నా భార్య 2018లో చదువు కోసం కాల్గరీ వెళ్లింది. రెండేళ్ల డిప్లొమా, ఆ తర్వాత మూడేళ్ల వర్క్ పర్మిట్, చివరికి 2022 ఆఖరులో పీఆర్, అంటే శాశ్వత నివాస హోదా. మా సంబంధం కుదిరింది ఆమెకు పీఆర్ వచ్చిన తర్వాతే. ఈ వరుస ముఖ్యం. పీఆర్ దరఖాస్తు నడుస్తుండగా పెళ్లి చేసుకుని, ఆ సంగతి వలస శాఖకు చెప్పకుండా పీఆర్ తీసుకున్నవారు, తర్వాత ఆ భర్తను గాని భార్యను గాని స్పాన్సర్ చేయబోతే, అంటే తమ పూచీ మీద తెప్పించుకోబోతే, నిబంధనలు అడ్డుపడతాయి. మా విషయంలో ఆ చిక్కు లేదు. మరో చిక్కు ఉంది. కెనడా పౌరులైతే వేరే దేశంలో ఉంటూ కూడా జీవిత భాగస్వామిని స్పాన్సర్ చేయవచ్చు గాని, పీఆర్ మాత్రమే ఉన్నవారు దరఖాస్తు నడుస్తున్నంత కాలం కెనడాలోనే నివసిస్తూ ఉండాలి. అంటే ఆమె ఉద్యోగానికి దీర్ఘకాలపు సెలవు పెట్టి వచ్చి, మా ఇంట్లో ఉండి ఎదురుచూసే దారి మూసుకుపోయింది. ఇద్దరిలో కదలగలిగినది నేనే.

స్పాన్సర్‌షిప్ ఫైలు 2023 జూన్‌లో వేశాము. అప్పటి లెక్క ప్రకారం స్పాన్సర్ రుసుము 75 డాలర్లు, నా దరఖాస్తుకు 490, శాశ్వత నివాస హక్కు రుసుము 515, మొత్తం 1,080 కెనడా డాలర్లు. బయోమెట్రిక్స్‌కు, అంటే వేలిముద్రలు, ఫొటో తీసుకోవడానికి, మరో 85. భార్యాభర్తల విషయంలో, క్యుబెక్ రాష్ట్రం సంగతి పక్కన పెడితే, కనీస ఆదాయ నిబంధన లేదు. అయితే మూడేళ్ల పాటు నా పోషణ బాధ్యత తనదేనని ఆమె రాసి ఇవ్వాలి. ఆ పత్రం మీద కూతురు సంతకం చేసిందని విని మా మావయ్య గారు ఫోనులో చాలాసేపు నవ్వారు. "అల్లుడు గారూ, మేం ఇచ్చిన కట్నం ఇదేనన్నమాట" అన్నారు. కట్నం పుచ్చుకోని అల్లుణ్ణి కనుక నేనూ నవ్వాను.

ఆ ఫైలులో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది రుసుములు కావు, మా బంధం గురించి అడిగే ఫారం. మొదట ఎక్కడ కలిశారు, ఎంతకాలం పరిచయం, పెళ్లి ప్రతిపాదన ఎవరు చేశారు, పెళ్లికి ముందు ఒకరినొకరు ఎన్నిసార్లు కలుసుకున్నారు అని వరుసగా ప్రశ్నలు. దూరపు బంధువు ఒకరు జాతకాలు తెచ్చి ఇచ్చారు, మూడు వారాలు వీడియో కాల్స్‌లో మాట్లాడుకున్నాము, పెళ్లిచూపులు కూడా వీడియోలోనే అయ్యాయి, నేరుగా కలుసుకున్నది పెళ్లికి ఐదు రోజుల ముందు అని ఉన్నది ఉన్నట్టు రాస్తే, చదివేవారికి ఇది కాగితం కోసం చేసుకున్న పెళ్లిలా కనిపిస్తుందేమోనని భయం వేసింది. అందుకని రెండు పేజీల వివరణ విడిగా జతచేశాను. పెద్దలు కుదిర్చిన పెళ్లి అంటే ఏమిటో, అందులో మా ఇష్టానికి ఎక్కడ చోటు ఉందో, జీలకర్ర బెల్లం పెట్టే క్షణమే మాకు ముహూర్తమని, తలంబ్రాల ఫొటోలో మా తలల మీద ఉన్నవి బియ్యమని కూడా రాశాను. అర్థశాస్త్రం చెప్పే అధ్యాపకుడికి పెళ్లి తంతు మీద వ్యాసం రాసే అవకాశం మళ్లీ వస్తుందని అనుకోను. పెళ్లి శుభలేఖను ఇంగ్లీషులోకి అనువదింపజేసి నోటరీ చేయించాము. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చిన వివాహ ధ్రువపత్రం, రోజువారీ కాల్స్ జాబితా, ఇరు కుటుంబాలూ ఉన్న ఫొటోలు పెట్టాము. వాట్సాప్ సంభాషణలు మాత్రం పెట్టలేదు. ఇంగ్లీషు అక్షరాలతో రాసుకున్న తెలుగును అనువదించడానికి ఏ అనువాదకుడూ ఒప్పుకోలేదు, మాకూ చూపించాలనిపించలేదు.

జూలైలో దరఖాస్తు అందినట్టు లేఖ, ఫైలు నంబరు వచ్చాయి. అప్పట్లో ఇటువంటి ఫైలుకు సుమారు ఏడాది పడుతుందని శాఖే చెబుతోంది. ఎదురుచూపు ఏమిటో ఈపాటికి నాకు తెలిసిపోయింది. వేసవిలో కాల్గరీకి మనకు మధ్య పదకొండున్నర గంటల తేడా, శీతకాలంలో పన్నెండున్నర. నేను ఉదయం టిఫిను చేసి కాలేజీకి బయలుదేరే వేళకు ఆమె నిద్రకు సిద్ధమవుతూ ఉంటుంది. మా రోజులో ఇద్దరికీ కలిసే సమయం సరిగ్గా నలభై నిమిషాలు. అందులో సగం నేను బైకు మీద, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని.

ఆ ఏడాది మే నెలలో అప్పటి వలస మంత్రి షాన్ ఫ్రేజర్, స్పాన్సర్‌షిప్ ఫైలు నడుస్తున్న జీవిత భాగస్వాముల విజిటర్ వీసాలను చాలావరకు ముప్పై రోజుల్లో పరిష్కరిస్తామని ప్రకటించారు. ఆ వార్త మాకు ధైర్యం ఇచ్చింది. నేను మా ఊళ్లోనే ఉన్న ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లాను. ఆయన ఫైలు చూసి, స్పాన్సర్‌షిప్ సంగతి ఎక్కడా ఎత్తవద్దన్నాడు. "అక్కడే ఉండిపోతారని అనుకుంటారండీ. బాన్ఫ్ కొండలు చూడాలి, నయాగరా చూడాలి అని రాద్దాం. అకౌంటులో పది లక్షలు వేయిద్దాం, నెల తర్వాత తీసేసుకోవచ్చు" అన్నాడు. అప్పు తెచ్చిన డబ్బు ఖాతాలో చూపించడానికి నేను ఒప్పుకోలేదు. ఫారంలో నా భార్య వివరాలు, ఆమె చిరునామా, ముందు వేసిన దరఖాస్తు సంగతి అడిగిన చోటల్లా నిజమే రాయించాను. అబద్ధం చెప్పినట్టు తేలితే కెనడా చట్టంలోని 40వ సెక్షన్ కింద ఐదేళ్ల పాటు ఆ దేశంలోకి రానివ్వరని అప్పటికే చదివి ఉన్నాను. కానీ యాత్ర ఉద్దేశం చెప్పే లేఖ మాత్రం ఆయన రాసినదే పెట్టాను. అందులో కొండలు, జలపాతాలు, సరస్సులు ఉన్నాయి. భార్య ఒకే ఒక్క వాక్యంలో, బస ఏర్పాటు కింద ఉంది.

ఆగస్టులో 100 డాలర్ల వీసా రుసుము, 85 డాలర్ల బయోమెట్రిక్స్ రుసుము కట్టి, హైదరాబాదులో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో వేలిముద్రలు, ఫొటో ఇచ్చి వచ్చాను. సెప్టెంబరు మొదటి వారంలో తిరస్కరణ లేఖ వచ్చింది. అనుమతించిన కాలం ముగిశాక మీరు కెనడా విడిచి వెళతారన్న నమ్మకం కలగలేదని, నిబంధన 179(బి) ప్రకారం నిరాకరిస్తున్నామని, కెనడాలో నాకున్న కుటుంబ బంధాలు ఒక కారణమని, యాత్ర ఉద్దేశం మరొక కారణమని అందులో ఉంది. భార్య అక్కడ ఉండటమే నేను వెళ్లకూడదనడానికి కారణమని చదివినప్పుడు కోపం వచ్చిన మాట నిజమే. రెండు రోజులు ఆమెకు ఫోను చేసి కూడా సరిగా మాట్లాడలేదు. ఆమె మాత్రం నాకంటే ముందే తేరుకుని, అధికారి ఫైలులో రాసుకున్న నోట్స్ తెప్పించడానికి నా అంగీకార పత్రం తీసుకుని, ఐదు డాలర్లు కట్టి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టింది. వాటిని జీసీఎంఎస్ నోట్స్ అంటారు. తిరస్కరణ లేఖ అందరికీ ఒక మూసలోనే వస్తుంది. అసలు కారణం తెలియాలంటే ఈ నోట్స్ చదవాలి.

నెల రోజులకు అవి వచ్చాయి. అధికారి రాసుకున్నది నాలుగైదు పంక్తులే. దరఖాస్తుదారు భార్య కెనడాలో పీఆర్ అని, ఫ్యామిలీ క్లాస్ (కుటుంబ స్పాన్సర్‌షిప్) దరఖాస్తు నడుస్తోందని, లేఖలో మాత్రం పర్యటన అని ఉందని, స్పాన్సర్‌షిప్ ప్రస్తావన గాని తిరిగి వెళ్లే ప్రణాళిక గాని లేదని దాని సారాంశం. చదివాక నా కోపం దారి మళ్లింది. లేఖలో నేను దాచాననుకున్నది వారి తెర మీద మొదటి నుంచీ ఉంది. రెండు ఫైళ్లూ ఒకే శాఖవి, రెండింటి మీదా ఒకే పాస్‌పోర్టు నంబరు. భార్యను చూడాలని వెళ్లే మనిషి జలపాతం చూడాలని రాస్తే, ఆ లేఖలో మిగతా మాటలను మాత్రం ఎందుకు నమ్మాలి? ఏజెంటును తప్పుపట్టడం తేలికే, కానీ ఆ లేఖ కింద ఉన్న సంతకం నాది.

ఈలోగా మా చేతిలో లేని మరో గొడవ వచ్చిపడింది. సెప్టెంబరు 18న కెనడా ప్రధాని పార్లమెంటులో చేసిన ప్రకటనతో రెండు దేశాల మధ్య సంబంధాలు దెబ్బతిన్నాయి. అక్టోబరులో 41 మంది కెనడా దౌత్య సిబ్బంది భారతదేశం విడిచి వెళ్లారు. ఇక్కడ పనిచేసే కెనడా వలస శాఖ సిబ్బందిని 27 నుంచి ఐదుగురికి తగ్గించారు. చండీగఢ్, ముంబై, బెంగళూరు కాన్సులేట్లలో నేరుగా అందే సేవలు ఆగాయి. వీఎఫ్ఎస్ కేంద్రాలు తెరిచే ఉన్నాయి, ఫైళ్లు వేరే దేశాల్లోని కార్యాలయాల్లో కూడా చూస్తారన్నారు. అయినా బంధువులు ఎవరు ఎదురైనా "ఇంకేం వెళతావు" అనేవారు. మా నాన్నగారు మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టి, "ఒరే, వాళ్ల గొడవలు వాళ్లు చూసుకుంటారు గాని, నువ్వు ఈసారి ఉత్తరం సొంతంగా రాసుకో" అన్నారు. ఆయన తాలూకా కార్యాలయంలో గుమాస్తాగా ముప్పై ఏళ్లు అర్జీలు చదివిన మనిషి.

ఆ ఉత్తరం రాయడానికి నాకు డిసెంబరు అంతా పట్టింది. కెనడా వలస చట్టంలో 22(2) అనే ఉపసెక్షన్ ఉంది. శాశ్వత నివాసి కావాలన్న ఉద్దేశం ఉన్నంత మాత్రాన ఒక వ్యక్తి తాత్కాలిక సందర్శకుడిగా రావడానికి అది అడ్డంకి కాదని, గడువు ముగిసేలోగా వెళ్లిపోతారని అధికారికి నమ్మకం కుదిరితే చాలని దాని అర్థం. దీన్నే ద్వంద్వ ఉద్దేశం అంటున్నారు. నా లేఖ మొదటి పేరాలోనే స్పాన్సర్‌షిప్ ఫైలు నంబరు రాశాను. నా భార్యతో కెనడాలో స్థిరపడాలన్నది నా కోరికేనని, ఆ ఫైలు మీద నిర్ణయం వచ్చేదాకా చట్టం ఒప్పుకున్న మేరకు ఆమెతో కొన్ని రోజులు గడపాలనుకుంటున్నానని, ఈ వీసా మీద వెళ్లి ఆ ఫైలును దాటవేసే ఆలోచన లేదని రాశాను. గత దరఖాస్తు తిరస్కరణకు గురైన సంగతి, ఆ లేఖలో ఉద్దేశం సరిగా చెప్పకపోవడం నా పొరపాటేనన్న సంగతి కూడా దాచలేదు. ఆ వాక్యం అవసరమా అని నా భార్య రెండుసార్లు అడిగింది. అవసరమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను గాని, అది లేకపోతే ఆ లేఖ మళ్లీ ఏజెంటు లేఖలాగే ఉండేదనిపించింది.

తిరిగి వస్తాననడానికి ఏం చూపించాలి అన్నది రెండవ ప్రశ్న. మొదటిసారి ఆస్తిపాస్తులే చూపించాము. నాన్నగారి ఎకరంన్నర పొలం పట్టాదారు పుస్తకం, చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన ఆస్తుల పత్రం. పొలం ఎక్కడికీ పారిపోదు, దాని కోసం ఎవరూ పరుగెత్తుకు రారు కూడా. ఈసారి తేదీలు చూపించాను. నేను ఇంటర్మీడియట్‌కు అర్థశాస్త్రం చెబుతాను. ఎంసెట్ శిక్షణతో సంబంధం లేని సబ్జెక్టు కనుక ఏప్రిల్, మే నెలల్లో నాకు నిజంగానే సెలవులు ఉంటాయి. జూన్ 1న కాలేజీ తెరుస్తారు. ప్రిన్సిపల్ గారు నా సెలవు మంజూరు పత్రంలో, జూన్ మొదటి వారపు టైమ్‌టేబుల్‌లో నా పీరియడ్లు ఏవో కూడా రాసి సంతకం చేసి ఇచ్చారు. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, జీతం స్లిప్పులు, ఫారం 16, ఆదాయపు పన్ను రిటర్నులు పెట్టాను. ఖాతాలో ఉన్నది మూడు లక్షల నలభై వేలు, అది నెలనెలా జమ అయినదని కనిపిస్తూనే ఉంది. నా భార్య వైపు నుంచి ఆహ్వాన లేఖ, పీఆర్ కార్డు నకలు, ఉద్యోగ ధ్రువపత్రం, అక్కడి పన్ను శాఖ ఇచ్చే అసెస్‌మెంటు నోటీసు, ఇంటి అద్దె ఒప్పందం. ఖర్చు పట్టిక ఒక పేజీలో వేశాను. విమానం తప్ప పెద్ద ఖర్చు లేదు, ఉండేది భార్య ఇంట్లోనే.

2024 జనవరిలో, సంక్రాంతికి ముందు, దరఖాస్తు పంపాను. బయోమెట్రిక్స్ పదేళ్లు చెల్లుతాయి కనుక ఈసారి 100 డాలర్లే. ఫిబ్రవరి చివరలో పాస్‌పోర్టు పంపమని సందేశం వచ్చింది. హైదరాబాదు వెళ్లి ఇచ్చి వచ్చిన రెండు వారాలకు పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. అందులో వీ-1 అని రాసి ఉన్న స్టిక్కరు, పాస్‌పోర్టు గడువు ముగిసే 2029 వరకు ఎన్నిసార్లయినా వెళ్లవచ్చన్న అనుమతి. మొదటి దరఖాస్తుకూ రెండవ దానికీ మధ్య నా జీతం పెరగలేదు, పొలం పెరగలేదు. తేదీలు, మాటలు మారాయి.

ఉగాది పచ్చడి ఇంట్లో తిని, ఏప్రిల్ 14న శంషాబాదులో విమానం ఎక్కాను. ఒకే పెట్టె తీసుకువెళ్లాను. నలభై ఐదు రోజులకు వెళ్లే మనిషి దగ్గర మూడు పెట్టెలూ, విద్యార్హతల ఒరిజినళ్లూ, వంటపాత్రలూ కనిపిస్తే చూసేవారు ఏమనుకుంటారో ఆలోచించాలి. అత్తయ్య గారు పంపిన ఆవకాయ, కందిపొడి, ఆత్రేయపురం పూతరేకులు మాత్రం కాదనలేకపోయాను. నలభై ఐదు రోజులకూ ప్రయాణ ఆరోగ్య బీమా కొన్నాను. కాల్గరీ ఉన్న ఆల్బర్టా రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం సందర్శకులకు వర్తించదు, అక్కడ ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంటే వచ్చే బిల్లు నా జీతం తీర్చలేదు.

వీసా ఉంటే విమానం ఎక్కనిస్తారు, అంతే. లోపలికి రానివ్వాలా వద్దా, ఎన్నాళ్లు ఉండనివ్వాలి అన్నది దిగిన చోట సరిహద్దు అధికారి నిర్ణయం. లండన్ మీదుగా కాల్గరీ చేరేసరికి నాకు సరిగా నిద్ర లేక ఇరవై ఆరు గంటలు. యంత్రం దగ్గర వివరాలు నింపి, ఆహార పదార్థాలు ఉన్నాయా అన్న చోట ఉన్నాయని గుర్తు పెట్టాను. కౌంటరులో ఉన్నావిడ ఎవరిని చూడడానికి వచ్చారని అడిగితే భార్యను అన్నాను. ఆమె ఇక్కడ ఏ హోదాలో ఉందని అడిగితే పీఆర్ అని, నాకు స్పాన్సర్‌షిప్ దరఖాస్తు నడుస్తోందని అడగకముందే చెప్పాను. ఆవిడ చీటీ మీద ఏదో గీసి, పక్కనున్న ఇమిగ్రేషన్ గదిలో కూర్చోమంది.

ఆ గదిలో నలభై నిమిషాలు కూర్చున్నాను. గోడకు అవతల, రాక ద్వారం దగ్గర, నా భార్య నిలబడి ఉంది. ఫోను వాడవద్దని గోడ మీద రాసి ఉంది. పిలిచిన అధికారి వయసు మళ్లినాయన, మర్యాదగానే మాట్లాడాడు. పెళ్లి ఎప్పుడయింది, పెళ్లయ్యాక ఇద్దరూ ఎన్ని రోజులు కలిసి ఉన్నారు అని అడిగాడు. పద్నాలుగు రోజులని చెప్పాను. ఆయన తల ఎత్తి చూశాడు. పద్నాలుగు నెలలు అనబోయి రోజులు అన్నానేమోనని అనుమానం వచ్చినట్టుంది, మళ్లీ అడిగాడు. రోజులే అన్నాను. తిరుగు టికెట్టు, ప్రిన్సిపల్ గారి పత్రం, బీమా కాగితం ముందు పెట్టాను. ఇక్కడ ఉద్యోగం చేయకూడదని తెలుసా అంటే తెలుసన్నాను. స్పాన్సర్‌షిప్ నిర్ణయం మీరు ఇక్కడ ఉండగానే వస్తే ఏం చేస్తారని అడిగాడు. ఈ ప్రశ్నకు నేను సిద్ధం కాలేదు. జూన్ 1న క్లాసులు ఉన్నాయని, ముందు వెళ్లి అవి ఎవరికైనా అప్పగించాలని తోచినది చెప్పాను. ఆయన స్టాంపు వేసి, వేరే తేదీ రాయలేదు కనుక ఆరు నెలల దాకా ఉండవచ్చని, అయినా మీరు చెప్పిన తేదీకే వెళ్లడం మీ ఫైలుకు మంచిదని అన్నాడు. ఆవకాయ సంగతి కస్టమ్స్‌లో మరొకరు అడిగారు. మామిడికాయ, నూనె, ఆవపిండి, మాంసం లేదు అంటే వదిలేశారు. పూతరేకులను మాత్రం కాగితమా అని అడిగి, తినేదే అని తెలుసుకుని ఆశ్చర్యపోయారు.

ఆ నలభై ఐదు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే అందులో గొప్ప. నా భార్య ఈశాన్య కాల్గరీలో ఒక ఇంటి బేస్‌మెంటులో అద్దెకు ఉంటుంది. ఉదయం ఆమె సీ-ట్రైనులో పనికి వెళ్లేది. నేను వంట చేసేవాణ్ణి, ఎండగా ఉంటే డౌన్‌టౌన్ దాకా వెళ్లి సెంట్రల్ లైబ్రరీలో చదువుకుని, సాయంత్రం ఆమెతో కలిసి తిరిగి వచ్చేవాణ్ణి. ఏప్రిల్‌లో కూడా రెండుసార్లు మంచు పడింది. మే 10 రాత్రి ఆకాశమంతా ఆకుపచ్చగా, గులాబీరంగుగా వెలిగింది. ఆ వారపు సౌర తుఫాను వల్ల అరోరా (ధ్రువకాంతి) చాలా దూరం కనిపించిందట. ఆదివారం ఒకరోజు బాన్ఫ్ కూడా వెళ్లాము, ఏజెంటు రాసిన లేఖ పూర్తిగా అబద్ధం కాకూడదని. మే 13న మన రాష్ట్రంలో పోలింగు. ఓటు వేయని మొదటి ఎన్నిక నాకు అదే. ఇవన్నీ ఒక ఎత్తు, ఆమెకు పొద్దున్నే మాట్లాడడం ఇష్టం ఉండదన్న సంగతి పద్నాలుగు నెలల ఫోను కాల్స్‌లో నాకు తెలియకపోవడం ఒక ఎత్తు. మా కాల్స్ ఆమెకు రాత్రి వేళ కదా.

మే మూడవ వారంలో అసలు పరీక్ష వచ్చింది. నాలాగా కెనడా బయటి నుంచి స్పాన్సర్‌షిప్ ఫైలు వేసి, చట్టబద్ధమైన హోదాతో కెనడాలో భాగస్వామితో కలిసి ఉంటున్నవారికి కూడా ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ యజమాని దగ్గరైనా పనిచేసే అనుమతి) ఇచ్చే పద్ధతి 2023 మేలో వచ్చింది. గడువు ముగిసేలోగా సందర్శక కాలాన్ని పొడిగించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెడితే నిర్ణయం వచ్చేదాకా పాత హోదాలోనే ఉండవచ్చు. అంటే నేను తిరిగి రాకుండా ఉండిపోవడానికి చట్టమే ఒక దారి ఇచ్చింది. అక్కడి స్నేహితులందరూ ఆ మాటే అన్నారు. అందులో తప్పు లేదని నేనూ అంటాను. పిల్లలున్నవారు, గర్భిణులు, ఇక్కడ వదులుకోవడానికి ఏమీ లేనివారు ఆ దారి పట్టడం సబబే. మరొకాయన గోదాములో శని, ఆదివారాలు నగదుకు పని ఇప్పిస్తానన్నాడు. అది వేరే సంగతి, దానికి సమాధానం ఆలోచించవలసిన పని లేదు.

ఉండిపోయే విషయం మాత్రం మేమిద్దరం రెండు రాత్రులు మాట్లాడుకున్నాము. ఆమె నోరు తెరిచి ఉండమని అడగలేదు, వెళ్లమనీ అనలేదు. నా కాలేజీలో అర్థశాస్త్రానికి నేనొక్కణ్ణే. మా నాన్నగారికి జూన్‌లో కంటి శుక్లం ఆపరేషను ఉంది. వీటన్నింటికీ మించి, నా రెండవ లేఖలో ఉన్న ప్రతి మాటా నేను సొంతంగా రాసుకున్నది. ఆ లేఖ చదివి ఒకరు నమ్మారు. మళ్లీ ఎప్పుడైనా నమ్మవలసి వస్తుందని కాదు, ఒకసారి నమ్మారు కదా అని. రెండవ రాత్రి ఆమె లేచి నా పెట్టెలో ఖాళీగా ఉన్న ఆవకాయ సీసా కడిగి పెట్టింది. అంటే నిర్ణయం అయిందని నాకు అర్థమైంది.

మే 28న బయలుదేరాను. కెనడా నుంచి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు మీద ఎవరూ స్టాంపు వేయరు. నేను మాట నిలబెట్టుకున్నాననడానికి నా చేతిలో ఉన్న రుజువు శంషాబాదులో మన ఇమిగ్రేషన్ వారు వేసిన మే 30 నాటి రాక ముద్రే. దాన్నీ, బోర్డింగ్ పాసులనూ స్కాన్ చేసి వెబ్‌ఫారం ద్వారా స్పాన్సర్‌షిప్ ఫైలుకు పంపాను. దాన్ని ఎవరైనా తెరిచి చూశారో లేదో తెలుసుకునే వీలు లేదు. కాల్గరీలో మేము దిగిన ఫొటోలు, నా పేరు మీద వచ్చిన లైబ్రరీ ఉత్తరం కూడా జతచేశాను. ఫారంలో పద్నాలుగు రోజుల కాపురం దగ్గర ఆగిపోయిన మా కథకు అవి కొనసాగింపు. నేను వచ్చిన వారానికే కాల్గరీలో పెద్ద నీటి గొట్టం పగిలి, ఊరంతా నీళ్లు పొదుపు చేయవలసి వచ్చింది. బకెట్టుతో స్నానం చేయడం గోదావరి జిల్లాల వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదని ఆమె ఫోనులో చెప్పింది.

ఆ తర్వాత అంతా త్వరగానే జరిగింది. హైదరాబాదులో వైద్య పరీక్ష అంతకుముందే అయింది, విజయవాడ నుంచి తెచ్చిన పోలీసు క్లియరెన్సు పత్రం ఫైలులో ఉంది. ఆగస్టులో పాస్‌పోర్టు అడిగారు. ఈసారి వచ్చిన స్టిక్కరు మీద ఐఎం-1 అని ఉంది, ఒకేసారి ప్రవేశానికి. దసరా సెలవుల దాకా పాఠాలు చెప్పి, మిగిలిన సిలబస్‌ను కొత్తగా చేరినాయనకు అప్పగించి, అక్టోబరులో మళ్లీ అదే విమానాశ్రయంలో దిగాను. ఈసారి పెట్టెలు మూడు. అదే ఇమిగ్రేషన్ గది, వేరే అధికారిణి. ఇంతకుముందు ఎప్పుడైనా కెనడా వచ్చారా అని అడిగింది. వచ్చానని, నలభై ఐదు రోజులు ఉండి వెళ్లానని చెప్పాను. ఆమె తెర వైపు ఒకసారి చూసి, నా ముందుకు కాగితం జరిపి, ఎక్కడ సంతకం చేయాలో వేలితో చూపించింది.